తవ్వకానికి ముందే వాగును కొలిచే ఉద్యోగం

ప్రశ్న: మా అమ్మాయి జంతుశాస్త్రం ప్రధానాంశంగా డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. చమురు తవ్వకాలు జరగబోయే చోట వాగుల్లో చేపల సర్వేలు చేసే రంగంలోకి వెళ్తానంటోంది. ఇది నిలకడైన వృత్తేనా? ఏం చదివించాలి?

జవాబు: మీ అమ్మాయి చెబుతున్న పనిని బేస్‌లైన్ సర్వే అంటారు. బావులు, రోడ్లు, పైపులైన్లు రాకముందే ఒక వాగులో ఏ చేపలు ఏ కాలంలో ఎక్కడ ఉంటున్నాయో, నీరూ అడుగు మట్టీ ఒడ్డూ ఏ స్థితిలో ఉన్నాయో నమోదు చేయడమే ఇందులోని పని. తవ్వకం మొదలయ్యాక ఆ పాత స్థితిని కొలవడం ఎవరి తరమూ కాదు కనుక, రేపు చేపలు తగ్గాయన్న వివాదం వస్తే ఇరుపక్షాలూ తెరిచి చూసేది ఈ లెక్కలనే.

అందుకే చేపల మీద ఇష్టం కన్నా నమోదులో నిక్కచ్చితనమే ఇక్కడ ముఖ్యమని నా అభిప్రాయం. పట్టిన చేపను తడి చేతులతో పట్టుకొని, మూతి కొస నుంచి తోక చీలిక దాకా మిల్లీమీటర్లలో కొలిచి, తూచి, ఆలస్యం లేకుండా నీటిలో వదలాలి. ఒక్క చేపా పడని రోజున మరింత జాగ్రత్త కావాలి. ఎన్ని వలలు ఎన్ని గంటలు ఉంచారో, నీటి ఉష్ణోగ్రత ఎంతో రాయకపోతే 'చేపలు లేవు' అన్న మాట ఎక్కడా చెల్లదు.

అలాస్కా ఉత్తర ప్రాంతాన్నే చూడండి. ప్రూడో బేలో 1968లో చమురు బయటపడింది. 1977 నుంచి 800 మైళ్ల పైపులైన్‌లో అది దక్షిణానికి పారుతోంది. అక్కడ లోతు తక్కువైన వాగులు చలికాలంలో అడుగుదాకా గడ్డకడతాయి కాబట్టి, చేపలు లోతైన మడుగుల్లోనో సరస్సుల్లోనో తలదాచుకుంటాయి. చలికాలంలో నేల మీద నీరు పోసి గడ్డకట్టించి వేసే మంచు రోడ్లకు నీరు తోడేదీ సరస్సుల నుంచే. ఏ సరస్సులో ఏ చేపలున్నాయో తెలిస్తేనే ఎంత నీరు తోడనివ్వాలో అధికారులు నిర్ణయించగలరు. వేసవి సర్వేతో సరిపెట్టుకుంటే ఈ చలికాలపు ఆశ్రయాలు లెక్కలోకే రావు. గ్రేలింగ్ చేపలు మంచు కరిగే రోజుల్లో గుడ్లు పెట్టడానికి ఎగువకు ఈదుతాయి. రోడ్డు కింద వేసిన తూము వాగు మట్టానికి ఎత్తుగా ఉంటే వాటి దారి అక్కడితో ఆగిపోతుంది.

చదువు విషయానికొస్తే ఫిషరీస్‌లోగాని, జలపర్యావరణంలోగాని పీజీ చేయించండి. దానితో పాటు స్టాటిస్టిక్స్, జీఐఎస్ (కంప్యూటర్‌లో పటాల మీద సమాచారాన్ని విశ్లేషించే విద్య) తప్పనిసరి. తవ్వకం జరిగే వాగుతో పాటు దాని ప్రభావం సోకని మరో వాగును కూడా ముందూ తర్వాతా కొలిచి పోల్చకపోతే, చేపలు తగ్గింది కరువు వల్లనో చమురు వల్లనో తేల్చలేము. ఈ పోలికకు స్టాటిస్టిక్సే ఆధారం. రాళ్ల కింద బతికే పురుగు పిల్లలను గుర్తించే విద్య కూడా నేర్చుకుంటే మంచిది, ఎందుకంటే నీటి నాణ్యతలో మార్పు చాలాసార్లు చేపల కన్నా ముందు వాటిలోనే కనిపిస్తుంది.

ఇక నిలకడ సంగతి. మొదట్లో దొరికేవి ఎక్కువగా సీజన్ ఉద్యోగాలే. విశ్లేషణ, నివేదిక రాయడం వచ్చాక కన్సల్టెన్సీల్లోనూ ప్రభుత్వ శాఖల్లోనూ స్థిరపడవచ్చు. నీటిలో కరెంటు పంపి చేపలను పట్టే పద్ధతి ఉంది, శిక్షణ లేకుండా దాని జోలికి పోనివ్వకండి. కన్సల్టెన్సీల్లో జీతానికి మూలం చాలావరకు చమురు కంపెనీ డబ్బే అవుతుంది కనుక, చేరేముందు ముడి లెక్కలు ఎవరి చేతిలో ఉంటాయో, వాటిని నియంత్రణ సంస్థకు యథాతథంగా ఇస్తారో లేదో ఇంటర్వ్యూలోనే అడగమనండి.