నేరం జరిగిన రోజుకు వయసెంత?

ప్రశ్న: మా అన్న కొడుకు ఇద్దరు దోస్తులతో కలిసి చేన్లల్ల బోరు మోటార్ల కాపర్ వైరు కోసిండని కేసు పెట్టిన్రు. ఆ రాత్రికి పిలగానికి పద్దెనిమిది నిండడానికి ఇంకా ఇరవై రోజులుంది. దొరికింది మూడు నెలల తర్వాత. ఆధార్‌లో పందొమ్మిది ఉంది గనుక పెద్దోళ్ల కేసే అంటున్రు. ఏం చేయాలె?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: దొరికిన రోజు లెక్కలోకి రాదు. నేరం జరిగిందంటున్న రోజుకు పద్దెనిమిది నిండకపోతే, ఇప్పుడు నిండినా విచారణ పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డులోనే జరగాలి. 2015 నాటి బాల న్యాయ చట్టం 6వ సెక్షన్ చెప్పేది ఇదే. బెయిలు రాకపోయినా జైలుకు పంపకూడదు, ఆ చట్టం కింద ఏర్పాటైన భద్రతా గృహంలో ఉంచాలి. దోస్తులు మేజర్లయితే వాళ్ల కేసు మామూలు కోర్టులో వేరుగా నడుస్తుంది, కలిపి విచారించడానికి 23వ సెక్షన్ ఒప్పుకోదు.

ఇక వయసు రుజువు. ఆధార్‌ను పుట్టిన తేదీకి రుజువుగా తీసుకోలేమని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. బాల న్యాయ చట్టం 94వ సెక్షన్‌లో ఒక వరుస ఉంది. ముందు బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి మెమో. అవి లేకపోతేనే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చే జనన ధ్రువపత్రం. అదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. మెమో ఉంటే అదే చాలు. పది చదవకపోతే, మొదట చేరిన బడికి పోయి అడ్మిషన్ రిజిస్టర్ చూపించి, హెడ్మాస్టర్ సంతకం, ముద్రతో పుట్టిన తేదీ సర్టిఫికెట్టే అడిగి తీసుకోండి. ఒట్టి టీసీ ఈ సెక్షన్‌కు సరిపోదని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది.

మన దిక్కు చిక్కంతా ఇక్కడే. తల్లిదండ్రులు వలస పోతే పిల్లలు ఆలస్యంగా బడిలో చేరుతారు, అప్పుడు అందాజగా ఏదో జూన్ తేదీ రాస్తారు. ఆ తేదీ తప్పయినా, బడి కాగితం ఉన్నంతవరకు జనన ధ్రువపత్రానిది రెండో స్థానమే. రెండింటిలో తేడా ఉంటే వకీలుకు ముందే చెప్పండి. ఎముకల పరీక్ష దాకా మాత్రం పోనీయకండి. అందులో రెండేళ్లు అటో ఇటో తేడా రావచ్చు, ఇరవై రోజుల తేడాను అది తేల్చలేదు.

9వ సెక్షన్ కింద రిమాండు రోజే మేజిస్ట్రేటుకు దరఖాస్తు ఇవ్వండి. శిక్ష పడ్డాక కూడా ఈ మాట ఎత్తవచ్చు, కానీ అప్పటిదాకా పిల్లవాడు పెద్ద ఖైదీల మధ్య గడపాల్సి వస్తుంది. బోర్డులో బెయిలు ఇవ్వడమే మామూలు పద్ధతి. విడిచిపెడితే మళ్లీ నేరస్తులతో కలుస్తాడని నమ్మితే నిరాకరించవచ్చు, కాబట్టి ఆ దోస్తులకు దూరంగా ఎవరింట్లో ఉంచుతారో రాసివ్వండి. వకీలు ఖర్చు అక్కరలేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి లేదా 15100కు ఫోన్ చేయండి.

ప్రశ్న: మా బాబుకు పదిహేడు. ముగ్గురు కలిసి రాత్రి హైవే మీద ఒకాయన సెల్‌ఫోన్ గుంజుకున్నరని కేసు. ఒకని చేతిల కత్తి ఉండెనట. పదహారు దాటితే పెద్దోళ్ల లెక్కనే జైలు అంటున్నరు, నిజమేనా?
– ఒక తల్లి, జడ్చర్ల

జవాబు: అమ్మా, పదహారు నిండితేనే సరిపోదు. నేరానికి కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. భారతీయ న్యాయ సంహిత 309 కింద దోపిడీకి పదేళ్ల వరకు, రాత్రిపూట హైవే మీదైతే పద్నాలుగేళ్ల వరకు శిక్ష ఉంది, కానీ కనీసం ఇంత అని లేదు. అట్లాంటి కేసు బోర్డులోనే ముగియాలి. అక్కడ పడే గరిష్ఠ శిక్ష మూడేళ్లు ప్రత్యేక గృహంలో ఉంచడం.

అయితే ఎఫ్ఐఆర్‌లో 311 ఉందేమో చూడండి. ప్రమాదకర ఆయుధం వాడి దోచుకుంటే కనీసం ఏడేళ్లని ఆ సెక్షన్ అంటుంది, దాంతో కథ మారిపోతుంది. ఈ సెక్షన్ స్థానంలో మునుపున్న పాత ఐపీసీ 397 గురించి సుప్రీంకోర్టు చెప్పింది ఏమిటంటే, అది ఆయుధం వాడినవాడికే వర్తిస్తుంది, పక్కనున్నవాడికి కాదు. కత్తి మీ బాబు చేతిలో లేదన్న విషయం వకీలు మొదటి వాయిదాలోనే బోర్డు ముందు పెట్టాలి.

అయినా 311 నిలిస్తే, పెద్దవాడిగా విచారించాలా వద్దా అని బోర్డు ప్రాథమిక అంచనా వేస్తుంది. ఆ నేరం చేయగల శక్తి శరీరానికి, మనసుకు ఉందా, పర్యవసానం తెలుసా, ఏ పరిస్థితిలో జరిగింది అన్నవే చూస్తుంది. నేరం చేశాడా లేదా అన్నది అప్పుడు తేల్చదు. అబ్బాయి చదువు రికార్డు, ఏదైనా వైద్యం జరిగితే ఆ చీటీలు దగ్గర ఉంచుకోండి. మానసిక నిపుణుల సాయం కావాలని అడగండి. ఉత్తర్వు నచ్చకపోతే 30 రోజుల్లో సెషన్స్ కోర్టుకు అప్పీలు చేయవచ్చు. పెద్దవాడిగా విచారించినా ఇరవై ఒకటి నిండేదాకా జైల్లో పెట్టరాదు, ఉరిశిక్ష వేయరాదు.

ప్రశ్న: ఇరవై ఏళ్ల మా తమ్మునిపై కొట్లాట కేసులో తీర్పు రాబోతున్నది. వయసు చూసి ఏమన్నా తగ్గిస్తరా?
– మిర్యాలగూడ పాఠకుడు

జవాబు: తగ్గిస్తారు. జైలుకు బదులు మంచి నడవడి షరతు మీద విడిచిపెట్టడాన్ని ప్రొబేషన్ అంటారు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం 6వ సెక్షన్ ఇరవై ఒకటి నిండనివాళ్ల కోసమే ఉంది. ఇక్కడ నేరం జరిగిన రోజు కాదు, దోషిగా తేలిన రోజుకు ఉన్న వయసు ముఖ్యం. యావజ్జీవ శిక్ష పడగల నేరం కాకపోతే, జైలే సరైందని కారణాలు రాయకుండా కోర్టు జైలుకు పంపరాదు. అంతకుముందు ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించాలి. చాలాసార్లు అడిగేవాళ్లు లేకే ఆ నివేదిక రాదు. తీర్పుకు ముందే లిఖితపూర్వకంగా అడగమని వకీలుకు చెప్పండి.