వాడికి ఆ దెబ్బ ఒక్కటే గుర్తుందట

ప్రశ్న: నా వయసు 59. మాది రాజమహేంద్రవరం. బాబు డాలస్‌లో, పాప పుణెలో స్థిరపడ్డారు. వాళ్ల చిన్నప్పుడు ప్రతి వేసవికీ కోనసీమలోని మా అత్తగారింటికి వెళ్లేవాళ్లం. తోడికోడళ్ల పిల్లలతో కలిపి తొమ్మిది మంది. ముంజెకాయల బండ్లు, కాలవలో ఈతలు, రాత్రి డాబా మీద పడకలు, ఆవకాయ కలిపిన బేసిన్‌లో వేడన్నం ముద్దలు. ఎండలు మొదలైతే చాలు, అవే కళ్లముందు తిరుగుతాయి. కన్నీళ్లు ఆగవు. పోయిన జూన్‌లో బాబు కుటుంబంతో వచ్చాడు. మనవడికి ఏడేళ్లు, మనవరాలికి నాలుగు. అవన్నీ వాళ్లకు కూడా చూపించాలని తాపత్రయపడ్డాను. ఏదీ కుదరలేదు. ఒక రాత్రి భోజనాల దగ్గర ‘అది గుర్తుందా, ఇది గుర్తుందా’ అని అడుగుతుంటే బాబు, ‘అమ్మా, నాకవేవీ గుర్తులేవు. ఆరేళ్లప్పుడు ఆవకాయ జాడీలో తడి చెయ్యి పెట్టానని అట్లకాడతో కొట్టావు, అది ఒక్కటే గుర్తుంది’ అన్నాడు. అదీ కోడలి ముందు. అన్నేళ్ల సంతోషం వాడి మనసులో ఏమీ మిగల్లేదా? మావారు ‘ఇదేం జబ్బు, ఊరుకో’ అంటారు. నిజంగా జబ్బేనా?
– ఒక తల్లి

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు ముంజెకాయల బండి దగ్గర ఆగిపోయాను. ముంజలు తీసేసిన రెండు కాయలు, వాటి మధ్య ఒక పుల్ల, తోయడానికి పంగలకర్ర. సాయంత్రానికి కాయ వాడిపోయి చక్రం ఊడిపోతుంది, రేపు ఇంకొకటి చేసిపెట్టమని పేచీ. ఆ బండి నడిపినవాళ్లకు, నడిపించినవాళ్లకు తప్ప ఇంకెవరికీ ఆ సంతోషం అర్థం కాదు. అది మీ జ్ఞాపకాల్లో ఇంకా దొర్లుతోందంటే మీ మనసు ఆరోగ్యంగా ఉందనే నేను అనుకుంటాను.

రెండోసారి మీ కోసం వెతుకుతూ చదివాను. ఉత్తరంలో పిల్లలున్నారు, డాబా ఉంది, కాలవ ఉంది. మీరు లేరు. తొమ్మిది మంది పిల్లలున్న ఇంట్లో ఆవకాయ పెట్టడమంటే ఎంత చాకిరీయో ఆ పని చేసినవాళ్లకే తెలుసు. కాయలు కడగాలి. ఒక్కొక్క కాయనూ చెమ్మ లేకుండా తుడవాలి. టెంకతో సహా ముక్కలు కొట్టాక ప్రతి ముక్కకూ జీడి తీసి, లోపలి పొర గీకాలి. ఆవాలు ఎండబెట్టాలి, దంచాలి. ఉప్పు, కారం, నూనె సరిచూసి కలపాలి. మూడో రోజు మళ్లీ జాడీలోంచి తీసి తిరగకలపాలి. ఇదంతా రోళ్లు పగిలే ఎండల్లో, పైగా అత్తగారింట్లో. తడి తగిలితే బూజు పడుతుంది. బూజు పడితే ఏడాది పచ్చడి, దాంతోపాటు నలుగురిలో మీ పేరూ పోతాయి. ఆ రోజు జాడీ దగ్గర ఒక పిల్లవాడి తడి చెయ్యి కనిపించినప్పుడు మీరు ఎంత అలసి ఉన్నారో, ఎంత భయపడ్డారో మీ ఉత్తరంలో ఒక్క ముక్క కూడా లేదు.

మీరు దాచారని కాదు. మీ జ్ఞాపకం ఆ అలసటను జారవిడిచి సంతోషాన్ని ఉంచుకుంది. మీవాడి జ్ఞాపకం సంతోషాన్ని జారవిడిచి ఆ దెబ్బను ఉంచుకుంది. మీ ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఆ వేసవి పూర్తిగా మీ దగ్గరా లేదు, పూర్తిగా అతని దగ్గరా లేదు.

ఇందులో అతని తప్పేమీ లేదని మీరు నమ్మాలి. పెద్దయ్యాక మనలో చాలామందికి మూడేళ్లు, మూడున్నరేళ్ల కంటే ముందు సంగతులు గుర్తుండవు. ఆ తర్వాతి మూడు నాలుగేళ్లవి కూడా అక్కడక్కడ ముక్కలుగానే ఉంటాయి. అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో పిల్లల జ్ఞాపకాల మీద చాలాకాలం పరిశోధన చేశారు. మూడేళ్లప్పుడు జరిగినవాటిని అయిదారేళ్ల పిల్లలు చాలావరకు చెప్పగలిగారు. ఎనిమిది, తొమ్మిదేళ్లు వచ్చేసరికి వాటిలో ఎక్కువ భాగం మరుగున పడిపోయాయి. పోనివ్వాలని వాళ్లు అనుకోలేదు. ఎదిగే మెదడు తీరే అంత. రోజూ జరిగిన సంతోషాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నలభై రాత్రులు డాబా మీద పడుకున్న పిల్లవాడికి ఏ రాత్రీ విడిగా గుర్తుండదు. ఒక్కసారి పడిన దెబ్బ విడిగా నిలబడుతుంది, పైగా అందులో భయం ఉంది, మిగతా పిల్లల ముందు పడిన అవమానం ఉంది.

అన్నేళ్ల సంతోషం వాడి మనసులో ఏమీ మిగల్లేదా అని అడిగారు. గుర్తు లేకపోవడం, మిగలకపోవడం ఒకటి కాదు. అంత దూరం నుంచి ఇద్దరు చిన్నపిల్లల్ని వెంటపెట్టుకుని, జూన్ ఉక్కలో మీ ఇంటికే వచ్చిన కొడుకు గురించి మీరు ఈ ప్రశ్న అడుగుతున్నారు. చిన్నతనంలో ఆ ఇల్లు తనదని, అక్కడ తనను కోరుకునేవాళ్లు ఉన్నారని ఆ వేసవులే అతనికి చెప్పాయి. ఏ సాయంత్రం, ఎవరి ఒడిలో చెప్పాయో గుర్తుండాల్సిన పనిలేదు.

ఇప్పుడు మీకు కష్టంగా అనిపించే మాట ఒకటి చెప్పాలి. ‘కోడలి ముందు’ అన్నాడని మీరు బాధపడ్డారు, అది సహజమే. కానీ ఆ మాట నవ్వుతూ అన్నాడా, కంచంలోకి చూస్తూ అన్నాడా? మీరు రాయలేదు. బహుశా ఆ క్షణంలో మీరు అతని ముఖం చూడలేదేమో. ముప్పై ఏళ్లు లోపల ఉంచుకున్న సంగతి మీరు పదేపదే అడిగిన మీదట బయటకు వచ్చింది. దాన్ని నింద అనుకోకండి. మీరు అడిగారు, అతను తన దగ్గర ఉన్నది చెప్పాడు.

కాబట్టి ముందుగా ఆ దెబ్బ సంగతి మాట్లాడండి. ‘ఆ రోజుల్లో అందరూ కొట్టేవాళ్లు’, ‘నీ మంచికే కదా’, ‘ఇంత చిన్న విషయం పట్టుకున్నావా’ – ఈ మూడు మాటలూ వద్దు. మొదటి రెండూ మిమ్మల్ని కాపాడుకోవడానికి, మూడోది అతని నోరు మూయించడానికి. ‘నాన్నా, ఆ రోజు నిన్ను కొట్టాను. ఆరేళ్లవాడివి. కొట్టకుండా ఉండాల్సింది. నీకు అదే గుర్తుండిపోయినందుకు నాకు చాలా బాధగా ఉంది’ అనండి. అక్కడితో ఆగండి. అలసట గురించి అప్పుడే చెప్పకండి, చెబితే క్షమాపణ కాస్తా సంజాయిషీ అవుతుంది. ఇంకో రోజు, అతను అడిగితే చెప్పండి. అప్పుడు మీ సగం కూడా అతనికి తెలుస్తుంది. అట్లకాడ పట్టుకున్న అమ్మను మాత్రమే చూసినవాడు, తెల్లవారుజాము నుంచి కాయలు తుడుస్తూ కూర్చున్న ముప్పై ఏళ్లు దాటని అమ్మాయిని కూడా చూస్తాడు.

ఆ తర్వాత ‘గుర్తుందా’ అనే మాటను పక్కన పెట్టండి. ప్రేమతోనే అడుగుతున్నారని నాకు తెలుసు. కానీ గుర్తులేని మనిషికి అది పరీక్షలా ఉంటుంది, తప్పిన ప్రతిసారీ అమ్మ ముఖం వాడిపోవడం కనిపిస్తుంది. అడగకండి, చెప్పండి. ‘నీకు నాలుగేళ్లప్పుడు, డాబా మీద సప్తర్షులను చూపిస్తూ వసిష్ఠుడి పక్కన అరుంధతి ఉందంటే, ఆవిడకు అన్నం పెట్టారా అని అడిగావు’ – ఇలాంటిది ఏదో ఒకటి మీ దగ్గర తప్పకుండా ఉంటుంది. వారానికి ఒక్కటి చాలు. జరిగినవాటిని వివరంగా, కథలా చెప్పుకునే ఇళ్లలో పెరిగే పిల్లలు తమ సంగతులను కూడా మరింత బాగా గుర్తుంచుకుంటారని రాబిన్ ఫైవుష్ వంటి పరిశోధకులు చూపించారు. మీరు మీ అబ్బాయికి చెబుతుంటే పక్కన ఏడేళ్ల మనవడు వింటాడు. నాన్నకు కూడా నాలుగేళ్లు ఉండేవని తెలిస్తే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు.

ఇక పోయిన జూన్‌లో ఏదీ కుదరలేదన్నారు. కుదరదమ్మా! వాళ్లకు సెలవులిచ్చి, విమానమెక్కి, ఇక్కడికి వచ్చేసరికి ముంజలు ముదిరిపోతాయి, బంగినపల్లి కాయ దాదాపు అయిపోతుంది, రాత్రి ఆకాశం నిండా మబ్బులు. నలభై రోజుల వేసవిని పది రోజుల్లో వాళ్లకు చూపించాలనుకున్నారు. ఈసారి ఒక్కటే ఎంచుకోండి. నన్నడిగితే అష్టాచెమ్మా. ఎండలోకి వెళ్లక్కర్లేదు, కారం తినక్కర్లేదు. నేల మీద సుద్దముక్కతో ఇరవై అయిదు గళ్లు, నాలుగు గవ్వలు. అన్నీ వెల్లకిలా పడితే చెమ్మ, అన్నీ బోర్లా పడితే అష్టా. మనవరాలు గవ్వలు విసిరేస్తుంది, లెక్క తప్పుతుంది, పందెం మధ్యలో లేచిపోతుంది. పోనివ్వండి. మీ చిన్నప్పటి ఆట నేర్పడం కంటే వాళ్ల పక్కన నేల మీద కూర్చోవడమే ముఖ్యం. కోడలిని కూడా పిలవండి. తన చిన్నప్పటి వేసవి ఎలా ఉండేదో ఆ అమ్మాయిని ఎవరైనా అడిగారా?

మీవారు జబ్బు అన్నారు కదా, ఒకప్పుడు వైద్యులు కూడా అలాగే అన్నారు. 1688లో యోహన్నెస్ హోఫర్ అనే స్విట్జర్లాండ్ వైద్య విద్యార్థి, ఇంటికి దూరమైనవాళ్ల బెంగకు ‘నోస్టాల్జియా’ అని పేరు పెట్టి రోగంగా వర్ణించాడు. ఇప్పుడు ఎవరూ దాన్ని రోగం అనరు. కానీ ఒక హద్దు ఉంది. రెండు వారాలకు మించి దాదాపు రోజంతా దిగులుగా ఉన్నా, నిద్ర, ఆకలి తగ్గినా, బతుకు మీద ఆసక్తి పోయినా, అది వేసవి జ్ఞాపకం కాదు, వైద్యం కావాల్సిన కుంగుబాటు కావచ్చు. మానసిక వైద్యులను కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. మీ ఉత్తరంలో నాకు అంత కనిపించలేదు, అయినా మిమ్మల్ని మీరే సరిచూసుకోండి. మీవారితో ఒక మాట అనండి: ‘ఊరుకో’ అనకుండా ఒక సాయంత్రం పక్కన కూర్చుని, ఆ వేసవుల్లో తనకు గుర్తున్నది ఒక్కటి చెప్పమనండి. ఆయన దగ్గర కూడా ఒక ముక్క ఉండే ఉంటుంది.

ఈసారి డాలస్ నుంచి ఫోను వచ్చినప్పుడు వంట గురించీ వానల గురించీ మాట్లాడేలోపే ఆ నాలుగు మాటలూ చెప్పేయండి. అవతల కాసేపు నిశ్శబ్దంగా ఉంటే కంగారుపడి దాన్ని మాటలతో నింపకండి. అతను ఏమన్నాడో నాకు రాయండి.