చిన్న కొట్టు వెబ్‌సైట్‌కి వేరే స్టైల్ షీట్ అవసరమా?

మీరు పచ్చళ్ళ వ్యాపారానికి పది పన్నెండు పేజీల సైటు చేయిస్తున్నారు. చేసే అబ్బాయి రంగులూ ఫాంట్లూ ఏ పేజీకాపేజీలోనే రాసేస్తూ, "ఇంత చిన్న సైటుకి వేరే సీఎస్ఎస్ ఫైలు దేనికండీ" అంటున్నాడు. సీఎస్ఎస్ అంటే పేజీ ఎలా కనిపించాలో చెప్పే భాష, అది రాసి పెట్టిన ఫైలే స్టైల్ షీట్. అతని మాట నిజమేనా అని కదా మీ ప్రశ్న. ఒకే పేజీ ఉన్న సైటైతే అతని మాట చెల్లుతుంది. రెండో పేజీ వచ్చిందంటే స్టైల్ షీట్ ఉండాల్సిందే. నేను ఇలాంటి చిన్న కొట్లకే సైట్లు చేస్తుంటాను కాబట్టి, నా అనుభవంలో చూసింది చెబుతాను.

మంగళగిరి చీరలు అమ్మే ఒక కొట్టు సైటు మార్పుల కోసం నా దగ్గరకు వచ్చింది. అంతకుముందు చేసినవారు రంగు, అక్షరాల సైజు అన్నీ పేజీ కోడులోని ట్యాగుల (పేరా, బటన్ లాంటి ఒక్కో భాగాన్ని గుర్తించే కోడు ముక్కల) లోపలే రాశారు. దాంతో చీర ధర ఒక పేజీలో ముదురు ఎరుపు, ఇంకో పేజీలో దాదాపు నారింజ. ఆర్డర్ బటన్ ఒకచోట గుండ్రంగా, ఒకచోట పలకగా. కొనేవాళ్ళు ఇదంతా పనిగట్టుకుని చూడరు గానీ, ముందే డబ్బు కట్టమంటే మాత్రం "ఇది నమ్మకమైన కొట్టేనా" అని ఒక్క క్షణం ఆగుతారు. పైగా ఓనరు గారికి కొత్తగా కవర్ల మీద వేయించిన ఆకుపచ్చే సైటులోనూ కావాలి. ఉన్న పద్ధతిలో అయితే ప్రతి పేజీ తెరిచి, ఎరుపు ఎక్కడెక్కడుందో వెతికి మార్చాలి. అలా మార్పించుకున్న ప్రతిసారీ ఎవరికో డబ్బులిచ్చుకోవాలి.

ఆ రంగులూ సైజులూ అన్నీ తీసి ఒక స్టైల్ షీట్‌లో పెట్టాను. ఫైలు మొదట్లోనే సైటులో వాడే రంగులన్నీ వేరియబుల్స్‌గా (అంటే ఒక్కో రంగుకీ ఒక పేరు పెట్టి, ఒక్కచోట మారిస్తే అంతటా మారేలా) రాసి, ఒక్కోదాని పక్కన తెలుగులో కామెంట్ చేర్చాను: ఇది ధర రంగు, ఇది బటన్ రంగు, ఇది పండగ ఆఫర్ పట్టీ రంగు. ఆ తర్వాత దసరాకి ఓనరు గారి అమ్మాయే ఆఫర్ పట్టీ రంగు మార్చేసుకుంది, నాకు ఫోన్ చేయాల్సిన అవసరం కూడా రాలేదు. చిన్న వ్యాపారానికి స్టైల్ షీట్ వల్ల అన్నిటికన్నా పెద్ద లాభం ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. సైటు ఎలా కనిపించాలన్నది చేసినవాళ్ళ దగ్గర ఇరుక్కుపోకుండా కొట్టువాళ్ళ చేతికి వస్తుంది. అసలు హోకన్ వియుమ్ లీ 1994లో సీఎస్ఎస్‌ని ప్రతిపాదించింది కూడా పేజీలోని విషయాన్నీ దాని రూపాన్నీ విడదీయడానికే. 1996 డిసెంబరులో వెబ్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ డబ్ల్యూ3సీ దాన్ని ప్రమాణంగా ఆమోదించింది.

మీ సైటు తెలుగులో ఉంటుందన్నారు కాబట్టి ఇంకో మాట. రెడీమేడ్ థీములు (ముందే తయారుచేసి ఉంచిన సైటు డిజైన్లు) చాలావరకు ఇంగ్లీషు అక్షరాలు చూసుకుని చేసినవి. హెడ్డింగుల్లో ఒక్కో వరుస ఎత్తు అక్షరాల సైజుకి 1.2 రెట్ల దాకానే ఇస్తారు. అందులో "గోంగూర పచ్చడి, ఉసిరి తొక్కు" అన్న హెడ్డింగు రెండు వరుసల్లోకి విరిగితే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. నేను మామూలు పాఠానికి 1.7 రెట్లు, హెడ్డింగులకు 1.4 రెట్ల దాకా పెడతాను. ఇటాలిక్ కూడా తీసేయండి; చాలా తెలుగు ఫాంట్లకు అసలైన ఇటాలిక్ ఉండదు, బ్రౌజరే అక్షరాన్ని బలవంతంగా వంచుతుంది. హెడ్డింగులకు రామభద్ర, చదివే పాఠానికి మండలి బాగుంటాయి, రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. అంతకుమించి ఫాంట్లు పెట్టకండి, సైటు బరువెక్కుతుంది. స్టైల్ షీట్ ఉంటే ఇవన్నీ నాలుగు లైన్ల పని. లేకపోతే పేజీ పేజీకీ చేసుకోవాలి.

స్పీడు సంగతికొస్తే, బ్రౌజరు ఆ ఫైలుని ఒకసారి దించుకుని దాచుకుంటుంది, కస్టమరు మిగతా పేజీలు తెరిచినప్పుడు మళ్ళీ దించుకోదు. ఇందులో చిన్న చిక్కుంది. మీరు రంగు మార్చినా పాత కస్టమర్లకు పాత రంగే కనిపించవచ్చు. ఫైలు లింకు చివర వెర్షన్ నంబరు పెట్టి, మార్చినప్పుడల్లా దాన్ని పెంచమనండి, సరిపోతుంది.

ఫోన్‌కి తగ్గట్టు పేజీ సర్దుకోవడం కూడా స్టైల్ షీట్ నుంచే జరుగుతుంది, అది ఎలాగూ అందరూ చేస్తారు. ఎవరూ చేయనిది ప్రింటు స్టైలు, అంటే పేజీని కాగితం మీద ప్రింటు తీస్తే ఎలా రావాలో స్టైల్ షీట్‌లో రాయడం. హోల్‌సేల్‌గా కొనే షాపులవాళ్ళు ధరల పట్టిక ప్రింటు తీసుకుంటారు. మెనూ, ఫొటోలు కనపడకుండా చేసి పట్టిక ఒక్కటే వచ్చేలా రాయిస్తే అదే మీ రేటు కార్డు. విడిగా పీడీఎఫ్ చేయించక్కర్లేదు.

సైటు తయారీకి వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతుంటే ఒక జాగ్రత్త. అందులో అడిషనల్ సీఎస్ఎస్ అనే చోట రాసింది ఆ థీముకే అంటిపెట్టుకుని ఉంటుంది. థీము మారిస్తే వెంట రాదు. ముందే కాపీ తీసి పెట్టుకోండి.

ఆ అబ్బాయితో గొడవ పెట్టుకోకండి. రంగులూ ఫాంట్లూ ఒకే ఫైల్లో ఉండాలని, ఆ ఫైలు మీకూ ఒక కాపీ ఇవ్వాలని ముందే మాట్లాడుకోండి. సైటు అప్పజెప్పే రోజు మీ ఎదురుగానే ధర రంగు ఒక్కచోట మార్చి చూపించమనండి. అన్ని పేజీల్లోనూ మారాకే మిగతా డబ్బులివ్వండి.