పాత జిప్సీని బాగుచేయడానికి పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 36. చేతికొచ్చే జీతం 68,000. ఇంటి రుణం ఈఎంఐ 21,000, ఇంటి ఖర్చులు 28,000. రెండు లక్షల చిట్టీకి (20 నెలలు) నెలకు 10,000 వరకు కడుతున్నాను. 8 నెలలు అయ్యాయి, ఇంకా పాడలేదు. ఎఫ్‌డీలో 2.6 లక్షలున్నాయి. నాన్నగారి 1999 మారుతి జిప్సీ ఆరేళ్లుగా పెరట్లో కదలకుండా ఉంది. ఆయన రెండేళ్ల క్రితం పోయారు. ఆర్సీ ఇంకా ఆయన పేరు మీదే ఉంది, దాని గడువు 2019లోనే తీరింది. మెకానిక్ పెయింటింగ్‌తో కలిపి 1.8 లక్షలు చెప్పి, సగం అడ్వాన్స్ అడుగుతున్నాడు. డీజిల్ ఇంజన్ పెడితే మేలని కూడా అంటున్నాడు. సెలవు రోజుల్లో నేనూ చేయి వేద్దామనుకుంటున్నాను. బ్యాంకు 14 శాతానికి మూడేళ్లకు 3 లక్షలు ఇస్తానంటోంది. తీసుకోమంటారా?

జవాబు: వద్దు. బండిని బాగుచేయించండి, లోన్ మాత్రం వద్దు. 14 శాతం మీద 3 లక్షలకు మూడేళ్ల ఈఎంఐ సుమారు 10,250 అవుతుంది. ఖర్చులన్నీ పోను మీ చేతిలో మిగిలేది 9,000. అంటే మొదటి నెల నుంచే లోటు. వడ్డీ కిందే 69,000 పైగా పోతుంది.

ఎఫ్‌డీ కూడా కదపకండి. ఆరు నెలల ఇంటి ఖర్చులు, ఈఎంఐ కలిపితే 2.94 లక్షలు. మీ అత్యవసర నిధే ఇంకా 34,000 తక్కువగా ఉంది. చిట్టీ ఇప్పుడే పాడుకోవాలన్న ఆలోచన ఉంటే అదీ మానండి. మధ్యలో పాడితే వదులుకునే మొత్తమే మీకు వడ్డీ, ఆపైన మిగతా 12 వాయిదాలు ఎలాగూ కట్టాలి. చివరిదాకా ఉంచితే కమిషన్ పోను దాదాపు మొత్తం చేతికొస్తుంది. కాబట్టి ఈ ఏడాది బండికి నెలకు 7,000 కేటాయించండి, మిగతా 2,000 ఎఫ్‌డీ పక్కన చేర్చండి. ఏడాదికి బండి వాటా 84,000 అవుతుంది. ఇంజన్, బ్రేకులు, కాగితాల పని ఈ డబ్బుతోనే నడవాలి. బాడీ, పెయింట్ చిట్టీ వచ్చాకే.

మెకానిక్ చెప్పిన 1.8 లక్షలను నేను లెక్కలోకి తీసుకోను. విప్పని బండికి ఎవరు చెప్పినా అది ఊహే. సగం అడ్వాన్స్ ఇచ్చాక లోపల తుప్పు బయటపడితే, ఆగిపోయే వీలు మీ చేతిలో ఉండదు. అందుకే మొదటి 15,000 పరీక్షలకే పెట్టండి. మిగతా డబ్బు ఖర్చు చేయాలో వద్దో ఆ పరీక్షలే చెబుతాయి.

అన్నిటికంటే ముందు చాసిస్ (బండి మొత్తాన్ని మోసే అడుగు ఇనుప చట్రం) చూడండి. బండిని స్టాండ్ల మీద నిలిపి, మట్టి, పాత అండర్‌కోటింగ్ (అడుగున వేసిన పూత) గీకేసి, స్ప్రింగు పట్టీలు వేలాడే హ్యాంగర్ల దగ్గర, వెనక క్రాస్ మెంబర్ (చట్రానికి అడ్డంగా ఉండే దూలం) దగ్గర, బాడీని చట్రానికి బిగించే మౌంట్ల చుట్టూ చిన్న సుత్తితో కొట్టుకుంటూ పోండి. మంచి ఇనుము ఖణేల్మంటుంది, తిన్నచోట మొద్దు శబ్దం వస్తుంది. స్క్రూడ్రైవర్ దిగబడితే ఆ భాగం పోయినట్టే. బాడీ ఫ్లోరు, వీల్ ఆర్చ్‌లు, అద్దం ఫ్రేము కింది అంచు తినేసినా పర్వాలేదు, కోసి కొత్త రేకు వేయవచ్చు. చాసిస్ మాత్రం పెట్టెలా మూసుకుని ఉంటుంది కాబట్టి తుప్పు లోపలి నుంచి తింటూ వస్తుంది. పలచబడ్డ ఇనుము మీద వెల్డింగ్ పెడితే రంధ్రమే పెద్దదవుతుంది. చాసిస్ నంబరు స్పష్టంగా కనిపిస్తోందో లేదో ఇప్పుడే చూసుకోండి. అది చెరిగిపోతే ఆర్టీవో తనిఖీలో బండి ఆగిపోతుంది.

తర్వాత ఇంజన్. బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టకండి. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్లో ఒకటి రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి రెండు రోజులు వదిలేయండి. ఆ తర్వాత క్రాంక్ పుల్లీ (ఇంజన్‌తో పాటు తిరిగే బెల్టు చక్రం) బోల్టుకు స్పానర్ వేసి చేత్తో తిప్పండి. బిగుసుకున్న పిస్టన్ రింగులతో సెల్ఫ్ కొడితే సిలిండర్ గోడలు గీసుకుపోయి, తక్కువలో తేలే పని కాస్తా బోరు పని (సిలిండర్లను మళ్లీ కోసి సరిచేయడం) అవుతుంది. సాఫీగా తిరిగితే ఆయిల్, టైమింగ్ బెల్ట్ మార్చి, గేజ్‌తో కంప్రెషన్ (ఒక్కో సిలిండర్లో పుట్టే ఒత్తిడి) చూడండి. నాలుగింటి మధ్య తేడా పది శాతం దాటితే, తక్కువ వచ్చిన సిలిండర్లో కాస్త ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగ్ పెరిగితే లోపం రింగులది, పెరగకపోతే వాల్వులది. రెండిటి ఖర్చుకీ చాలా తేడా ఉంది, అందుకే ఏదో తెలియకుండా ఇంజన్ దించనివ్వకండి. ట్యాంకులో పాత పెట్రోలు జిగురై ఉంటుంది. అది తీసి ట్యాంకు కడగకుండా స్టార్ట్ చేస్తే, ఆ జిగురు, లోపలి తుప్పు అంతా కార్బురేటర్ జెట్లలోకి (పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రాల్లోకి) చేరుతుంది.

ట్యాంకు కడగడం, కార్బురేటర్ శుభ్రం చేయడం, తుప్పు గీకి ప్రైమర్ కొట్టడం మీరు చేసుకోగల పనులు. లేబర్‌లో నిజంగా మిగిలేది అక్కడే. వెల్డింగ్ జోలికి వెళ్లకండి. బ్రేకుల్లో మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, రబ్బరు గొట్టాలు చూడటానికి బాగున్నా మార్చేయాలి. ఆరేళ్లలో బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుని లోపల తుప్పు పట్టించి ఉంటుంది. బిగించాక అనుభవం ఉన్న చేత్తో ఒకసారి సరిచూపించండి. టైర్ల పక్కన నాలుగంకెల కోడ్‌లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. మీవి ఆరేళ్లు దాటే ఉంటాయి, గాట్లు ఎంత లోతుగా ఉన్నా వాటితో రోడ్డెక్కకండి.

ఇక కాగితాలు. చాసిస్ బాగుందని తేలిన మర్నాడే ఆర్టీవో ఆఫీసుకు వెళ్లండి. నాన్నగారి పేరు నుంచి మార్పుకు ఫారం 31, మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం, మిగతా వారసుల అంగీకారం కావాలి. దీనికి చనిపోయిన మూడు నెలల్లో దరఖాస్తు చేయాలన్నది నియమం, మీకు అది దాటింది కాబట్టి ఆలస్య రుసుము ఉంటుంది. రెన్యూవల్‌కు ఫారం 25. 2025 ఆగస్టు సవరణతో 20 ఏళ్లు దాటిన ఎల్‌ఎంవీకి (కార్లు, జీపుల వంటి తేలికపాటి వాహనానికి) ఈ ఫీజు 10,000 అయింది. ఆలస్యానికి నెలకు 500 అదనం, ఐదేళ్లకే అది 30,000. పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ వేరు. మొత్తం ఎంతో ఆఫీసులో రాయించుకున్నాకే స్పేర్ పార్టులు కొనండి, 84,000లో పెద్ద వాటా ఇక్కడే పోవచ్చు. అప్పుడు యాంత్రిక పని కొంత వచ్చే ఏడాదికి జరపండి, అప్పు వైపు చూడకండి.

డీజిల్ ఇంజన్ మాట మరిచిపోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో రాసినదానికి భిన్నంగా బండిని మార్చడం కుదరదు. అనుమతి లేని ఇంజన్‌తో రెన్యూవల్ ఆగుతుంది, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమూ చిక్కుల్లో పడుతుంది.

మెకానిక్‌తో బేరం ఇలా పెట్టుకోండి: పార్టులు మీరే బిల్లుతో కొనిస్తారు, లేబర్ ఏ పనికి ఆ పని, అది పూర్తయ్యాకే డబ్బు, తీసిన పాత పార్టులు మీకే ఇవ్వాలి. ప్రతి దశకూ అనుకున్నదాని మీద 30 శాతం అదనంగా పక్కన ఉంచుకోండి. పుట్టీ, పెయింట్ అన్నిటికన్నా చివర. రంగు ముందే వేయిస్తే, తర్వాత వెల్డింగ్ వేడికి అదంతా మళ్లీ చేయించాలి.

ఇన్సూరెన్సులో ఒక విషయం. జిప్సీ 1,298 సీసీ కాబట్టి, 2022 జూన్ నుంచి అమలైన రేట్లలో థర్డ్ పార్టీ ప్రీమియం 3,416, దానిపై జీఎస్టీ. ఐదేళ్లు దాటిన బండికి ఐడీవీ (పాలసీలో రాసే బండి విలువ) మీరు, కంపెనీ కలిసి ఒప్పుకున్న మొత్తమే. మీరు పెట్టిన ఖర్చంతా అందులో చేరుతుందనుకోకండి. అమ్మితే తిరిగొస్తుందనీ అనుకోకండి. ఇది పెట్టుబడి కాదు, ఇష్టంతో పెట్టే ఖర్చు. మీ ఆదాయంలో దానికి చోటుంది.

చాసిస్ పోయిందని తేలితే మాత్రం 15,000 దగ్గరే ఆగండి. రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రంలో ఇచ్చి సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ (బండిని తుక్కుకు ఇచ్చినట్టు ధ్రువపత్రం) తీసుకోండి. దాన్ని చూపించి కొత్త సొంత కారు కొన్నప్పుడు మోటారు వాహన పన్నులో 25 శాతం వరకు రాయితీకి కేంద్ర నిబంధనలు వీలిచ్చాయి. మీ రాష్ట్రంలో ఎంత ఇస్తున్నారో కనుక్కుని ఇవ్వండి.