పార్కులో కచేరీ, జేబులో బట్టల క్లిప్పులు

ఈ నెల పాఠకుల సంగీత ప్రశ్నలకు జవాబులు ఇస్తున్నది తెనాలిలో పుట్టి, పెన్సిల్వేనియాలోని ఒక చిన్న ఊరి కమ్యూనిటీ బ్యాండ్‌లో 15 ఏళ్లుగా క్లారినెట్ వాయిస్తున్న రిటైర్డ్ ఇంజనీరు.

ప్రశ్న: నమస్కారమండీ. విశాఖలో చదువుకునే రోజుల్లో స్కూలు బ్యాండ్‌లో క్లారినెట్ వాయించేదాన్ని. తర్వాత 20 ఏళ్లు దాన్ని ముట్టుకోలేదు. ఈ మార్చిలో మా ఊరి కమ్యూనిటీ బ్యాండ్‌లో థర్డ్ క్లారినెట్‌గా (క్లారినెట్లలో మూడో జట్టులో) చేరాను. ఇప్పటిదాకా ప్రాక్టీసంతా హైస్కూలు బ్యాండ్ రూములో, ఏసీలోనే. జూన్ చివరి నుంచి ప్రతి గురువారం సాయంత్రం పార్కులో కచేరీ అట. ఎండకు శ్రుతి నిలవదని, గాలికి కాగితాలు ఎగిరిపోతాయని పాతవాళ్లు భయపెడుతున్నారు. నాది చెక్క క్లారినెట్. టెన్షన్‌గా ఉంది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
— ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: ముందు ఆ చెక్క క్లారినెట్‌ని ఇంట్లో పెట్టేసి రండమ్మా. నాకు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. రెండో వేసవిలో, కచేరీ విరామంలో నిమ్మరసం తాగొద్దామని లేచి, వాద్యాన్ని కుర్చీ మీద వదిలేశాను. పావుగంట, అంతే. ఈలోగా చెట్టు నీడ పక్కకు జరిగింది. తిరిగొచ్చి చూస్తే ఎండ తగిలి, క్లారినెట్ పై ముక్కలో వెంట్రుకంత పగులు. మర్నాటికి అందులో గోరు దిగేంత అయింది. రిపేరు చేసినాయన అడ్డంగా సన్నటి పిన్నులు దించి, జిగురు పెట్టి అతికించాడు. బిల్లు చూసి మా ఆవిడ వారం రోజులు క్లారినెట్ మాట ఎత్తనివ్వలేదు. ఆ తర్వాత సెకండ్ హ్యాండ్‌లో ఒక ప్లాస్టిక్ క్లారినెట్ కొన్నాను. నాదం కాస్త పల్చనే, ఒప్పుకుంటాను. కానీ పచ్చిక మీద పడక కుర్చీలు వేసుకుని ఐస్‌క్రీమ్ తింటున్నవాళ్లకు ఆ తేడా తెలియదు.

శ్రుతి సంగతి. గాలి వేడెక్కితే అందులో ధ్వని వేగం పెరుగుతుంది, ఊదే వాద్యాల శ్రుతి పైకి పోతుంది. డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 3 సెంట్లు. స్వరస్థానానికీ పక్క స్వరస్థానానికీ మధ్య దూరం 100 సెంట్లు. ఏసీ గదిలో 22 డిగ్రీలు, పార్కులో 32 అనుకోండి, అప్పుడే 30 సెంట్లు, అంటే ఆ దూరంలో దాదాపు మూడో వంతు ఎక్కేశారు. అందుకని బ్యారెల్‌ని (మౌత్‌పీస్ కింద ఉండే చిన్న గొట్టాన్ని) ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి లాగాలి. పొద్దువాలి చల్లబడ్డాక మళ్లీ లోపలికి నొక్కడం మర్చిపోవద్దు. నేను ఇప్పటికీ మర్చిపోతుంటాను. శ్రుతి చూపించే ట్యూనర్ వైపు అదేపనిగా చూడకండి. బ్యాండంతా కలిసే పైకి పోతుంది కాబట్టి పక్కవాళ్లతో కలిస్తే చాలు. కలవనిది పలకల మీద కొట్టి వాయించే గ్లాకెన్‌స్పీల్ ఒక్కటే. ఉక్కు పలకలు గాలితో పాటు పైకి రావు మరి. ఎండలో అది మోగినప్పుడల్లా బ్యాండ్‌ని నడిపించే మా కండక్టర్ మొహంలో కాకరకాయ కొరికినట్టు ఒక ముడత పడుతుంది.

ఇక కాగితాలు. డాలర్ స్టోర్‌లో బట్టలారేసుకునే చెక్క క్లిప్పులు డజను కొనండి. స్టాండుకు కింద రెండు, పైన రెండు. పేజీ తిప్పాలంటే క్లిప్పు తీయాలి, తిప్పాలి, మళ్లీ పెట్టాలి. క్లారినెట్ మోకాళ్ల మధ్య ఇరికించుకుని మూడు బార్ల (తాళం ఆవర్తనాల) విరామంలో ఆ పని చేయడం మానవమాత్రుల వల్ల కాదు. పేజీలకు కాపీ తీసి ఒక అట్ట మీద పక్కపక్కనే అంటించేయండి. అన్నిటికంటే ముందు ఎగిరేవి మార్చ్‌లు, అంటే కవాతు పాటలు. అవి అరచేతికి కాస్త పెద్దవైన చిన్న కాగితాల మీద ఉంటాయి. ఒకసారి నా కాగితం లేచి నేరుగా జనంలోకి పోయింది. ఒక కుర్రాడు దాని వెంట పరిగెత్తి, పట్టుకుని, వాళ్లమ్మను అడిగి, మెల్లగా నడిచి తెచ్చి ఇచ్చేసరికి మేము చివరి భాగంలో ఉన్నాం. అందాకా నోటికొచ్చింది వాయించాను. థర్డ్ క్లారినెట్‌లో ఉన్న సుఖం అదే.

పాతవాళ్లు మీకు చెప్పనిది, నా లెక్కలో అసలు కష్టం, ఇంకోటి ఉంది. బయట మీకు ఎవరూ వినపడరు. గదిలో గోడలు శబ్దాన్ని తిరిగి ఇస్తాయి, పార్కులో అది పోయింది పోయినట్టే. మీరొక్కరే వాయిస్తున్నట్టు ఉంటుంది. వెంటనే గట్టిగా ఊదుతారు, రీడ్ (మౌత్‌పీస్‌కు బిగించే సన్నటి రెల్లు పట్టీ) కీచుమంటుంది. వీధి ఊరేగింపు కోసం పుట్టిన సన్నాయికి ఈ బాధ లేదు. మా తెనాలి పెళ్లిళ్ల బ్యాండ్ మేళంలో క్లారినెట్ ఆయన బుగ్గలు పూరించి ఊదడం చూసి పెరిగిన నేను, మొదటి ఏడాది అచ్చం అలాగే ఊది, రెండో పాటకే పెదవి వాచి కూర్చున్నాను. గదిలో ఎంత ఊదారో అంతే ఊదండి. తాళం కోసం వెనక డ్రమ్ముల మీద ఆధారపడకండి. పది మీటర్ల అవతలి దెబ్బ మీ చెవికి చేరడానికి సెకనులో దాదాపు వందకు మూడు వంతులు పడుతుంది. దాన్ని పట్టుకుని వాయిస్తే మీరు ముందువరసలో ఉన్నవాళ్లకు ఆలస్యంగా వినిపిస్తారు. చెవిని కాదు, కండక్టర్ చేతిలో బ్యాటన్‌ని నమ్మండి.

చిల్లర విషయాలు: పాటకూ పాటకూ మధ్య మౌత్‌పీస్‌కు మూత పెట్టండి, రీడ్ ఎండిపోదు. దోమల మందు ఇంటి దగ్గరే రాసుకుని చేతులు కడుక్కోండి, కొన్ని మందులు ప్లాస్టిక్‌ని తినేస్తాయి. క్లారినెట్ పెట్టెని కారు డిక్కీలో వదలొద్దు.

ప్రశ్న: మా అబ్బాయి వేసవి బ్యాండ్‌లో ఫ్లూట్ వాయిస్తాడు. మొన్న కచేరీ మధ్యలో ఉరిమినా ఎవరూ ఆపలేదు. గజీబో కింద ఉన్నారు కదా అన్నారు. అది సరైనదేనా?
— ఒక తండ్రి, డాలస్

జవాబు: కాదండీ. గోడలు లేని కప్పు పిడుగు నుంచి కాపాడదు. ఉరుము వినపడిందంటే పిడుగు పడగలిగే దూరంలో ఉన్నట్టే. భవనంలోకో కారులోకో వెళ్లాలి, చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగాలి. బ్యాండ్ వాళ్లు ఆపకపోతే మీరే వెళ్లి మీ అబ్బాయిని లేపుకు రండి. మర్యాద గురించి తర్వాత ఆలోచించొచ్చు.

ప్రశ్న: మా మనవరాలు జులై 4 కచేరీ వీడియో పంపింది. ఒక పాటలో జనంలో కొందరు ముసలివాళ్లు మాత్రం లేచి నిలబడ్డారు. చివరి పాటలో ఏకంగా వాయించేవాళ్లే లేచి ముందుకొచ్చారు. ఎందుకు బాబూ?
— ఒక అమ్మమ్మ, విజయవాడ

జవాబు: మొదటిది సైనిక దళాల పాటల మాలికై ఉంటుందండీ. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం, ఇలా ఒక్కోదానికి ఒక్కో పాట ఉంది. తమ దళం పాట రాగానే అందులో పనిచేసినవాళ్లు లేస్తారు. మా ఊళ్లో చేతికర్ర పట్టుకుని వచ్చే ఒక పెద్దాయన నౌకాదళం పాటకు రెండు బార్ల ముందు నుంచే లేవడం మొదలుపెడతారు, సరిగ్గా పాట అందుకునే వేళకు నిలబడి ఉంటారు.

చివరిది నూటికి తొంభై పాళ్లు జాన్ ఫిలిప్ సౌసా 1896లో కట్టిన ‘స్టార్స్ అండ్ స్ట్రైప్స్ ఫరెవర్’. 1987లో దాన్ని అమెరికా జాతీయ మార్చ్‌గా చట్టం చేశారు. లేచింది పికలో వాళ్లు. అది ఫ్లూట్‌లో సగం ఉంటుంది, ఒక స్థాయి పైన పలుకుతుంది. బ్యాండంతా అసలు వరుస వాయిస్తుంటే అది పైన పిట్టలా అల్లిక అల్లుతుంది. ఇంకోసారి వీడియో పెట్టించుకుని చూడండి. ఆఖరి చరణంలో వెనక నుంచి ట్రాంబోన్ల వాళ్లు కూడా లేస్తారేమో గమనించండి. మీ మనవరాలు ఏం వాయిస్తుందో రాయలేదు, ఈసారి రాయండి.