మానేసిన మద్యం కన్నా ఇంట్లో ఇచ్చిన నిద్రమాత్రే నన్ను భయపెడుతోంది

ప్రశ్న: మా వారి వయసు 44. పన్నెండేళ్లుగా రోజూ మద్యం తాగుతున్నారు. నిన్న ఉదయం నుంచి పట్టుదలగా మానేశారు. చేతులు వణుకుతున్నాయి, చెమటలు పడుతున్నాయి, రాత్రంతా నిద్ర లేదు. మా అత్తగారికి డాక్టర్ రాసిన నిద్రమాత్ర ఒకటి ఇస్తే కాసేపు పడుకున్నారు. కాలేయం శుభ్రపడటానికి మంచి టానిక్ చెప్పగలరా?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా ఒక మాట. ఇది ఉత్తరం రాసి జవాబు కోసం ఎదురుచూడవలసిన సమస్య కాదమ్మా. ఈ లక్షణాలు ఇంకా ఉంటే చదవడం ఇక్కడే ఆపి ఆయనను అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి.

ఏళ్ల తరబడి మద్యానికి అలవాటుపడిన మెదడు ఆ మత్తును తట్టుకోవడానికి నిరంతరం ఉద్రిక్త స్థితిలో పనిచేస్తుంటుంది. మద్యం హఠాత్తుగా ఆగిపోతే మత్తు పోతుంది కానీ ఆ ఉద్రిక్తత మిగిలిపోతుంది. వణుకు, చెమటలు, గుండెదడ సాధారణంగా 6 నుంచి 24 గంటల్లో మొదలవుతాయి; ఫిట్స్ వచ్చేవారికి ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే వస్తాయి. 2 నుంచి 4 రోజుల మధ్య కొందరిలో జ్వరం, తీవ్రమైన అయోమయం, లేని మనుషులు కనిపించడం వంటి లక్షణాలతో డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితి ఏర్పడవచ్చు. ఇది అందరికీ రాదు గానీ, వచ్చినప్పుడు చికిత్స అందకపోతే ప్రాణాంతకం కావచ్చు. గతంలో మానినప్పుడు ఫిట్స్ వచ్చినవారికి ముప్పు మరింత ఎక్కువ.

ఇక ఆ మాత్ర. దాని పేరు కూడా మీరు రాయలేదు. ఈ పరిస్థితిలో ఆసుపత్రిలోనూ బెంజోడయాజెపైన్ తరగతి (మెదడు ఉద్రిక్తతను తగ్గించి మత్తునిచ్చే) మందులనే వాడతాం, నిజమే. అయితే నాడి, బీపీ, వణుకు, కాలేయం పనితీరు గమనించి, ఏ మందు ఎంత ఇవ్వాలో నిర్ణయించి, కొద్ది రోజుల్లో క్రమంగా తగ్గించి ఆపేస్తాం. ఇంట్లో అంచనాగా ఇచ్చిన మాత్ర మోతాదు చాలకపోతే ఫిట్స్‌ను ఆపలేదు; పైగా అది ఒంట్లో ఉండగా ఆయన ఆగలేక మళ్లీ తాగితే శ్వాస మందగించి నిద్రలోనే ప్రాణం పోవచ్చు. మద్యం మాన్పించబోయి నిద్రమాత్రలకు కూడా బానిసలైనవారిని మా దగ్గరకు తీసుకువచ్చే కుటుంబాలు తక్కువేమీ కాదు. తాగేవారికి తెలియకుండా మద్యం మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ అనే మందును అన్నంలో కలిపిపెట్టేవారూ ఉన్నారు. ఆ మందు పడినవారు మద్యం ముడితే బీపీ పడిపోయి కుప్పకూలవచ్చు కాబట్టి, రోగి అంగీకారం లేనిదే ఏ వైద్యుడూ దాన్ని ఇవ్వకూడదు. ఒకరికి రాసిన మందు మరొకరికి పనికిరాదని ఎన్నిసార్లు చెప్పినా ఇళ్లలో ఈ పంపకం ఆగడం లేదు.

నీరసంగా ఉన్నారని ఎవరిచేతనైనా సెలైన్‌లో గ్లూకోజ్ ఎక్కించే ప్రయత్నం కూడా చేయకండి. దీర్ఘకాలం తాగేవారిలో థయమిన్ (విటమిన్ బి1) లోపం సాధారణం; ఆ లోపాన్ని సరిచేయకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతిని, జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది.

కాలేయాన్ని శుభ్రపరిచే టానిక్ అంటూ ఏదీ లేదు. కొవ్వు పేరుకున్న దశలోనే ఉంటే, మద్యం పూర్తిగా మానిన కొన్ని వారాల్లో అది చాలావరకు కోలుకుంటుంది. ఏ దశలో ఉందో రక్తపరీక్షలు, స్కానింగ్, వైద్యుడు స్వయంగా చేసే పరీక్ష కలిపి చూస్తేనే తెలుస్తుంది. రక్తపరీక్ష ఒక్కటే బాగుందని ధీమా పడవద్దు. కళ్లు పచ్చబడటం, పొట్ట ఉబ్బడం, మలం నల్లగా రావడం ఉంటే వెళ్లగానే చెప్పండి.

మద్యం మానాలన్న ఆయన నిర్ణయం సరైనదే, కాకపోతే అది వైద్యుల పర్యవేక్షణలో జరగాలి. ఆసుపత్రికి చేరేదాకా ఆయనను ఒంటరిగా వదలకండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి. బయలుదేరేటప్పుడు మీ అత్తగారి మాత్రల షీటు వెంట తీసుకువెళ్లి, చివరిసారి ఎప్పుడు తాగారో, ఆ మాత్ర ఎన్ని గంటలకు ఇచ్చారో దాచకుండా చెప్పండి.