ఫ్రెంచి, ఫిల్మ్ కోర్సు తీసుకున్న మా అమ్మలూకి

అమ్మలూ,

హైదరాబాద్‌లో సీటొచ్చిందనీ, మెయిన్ ఫిల్మ్ ప్రొడక్షన్, సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచి అనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "ఫ్రెంచిలో మార్కులు ఊరికే వేస్తారట కదా అక్కా" అని కూడా అంది. ఏళ్ల తరబడి ఆ పేపరే చెప్పినదాన్ని కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడతాను. మార్కులొస్తాయి, నిజమే. గైడు బట్టీపట్టినా గట్టెక్కుతావు. కానీ కోర్సు అయ్యాక ఎవరైనా నాలుగు ముక్కలు మాట్లాడమంటే నోరు పెగలదు. రోజూ అరగంట పైకి చదివితే వచ్చే భాష, ఆదివారం ఒక్కరోజే గంటలకొద్దీ కూర్చుంటే రాదు.

నీకో సౌలభ్యం ఉంది, నువ్వు గమనించి ఉండవు. ఒడిశాలోని పర్లాకిమిడి పిల్లవి, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో హిందీ. ఫ్రెంచిలో ముక్కుతో పలికే అచ్చులంటే మా క్లాసులో పిల్లలు తెగ తంటాలు పడేవాళ్లు. నువ్వు ఒడియాలో రోజూ 'హఁ' అంటావు కదా, అదే ముక్కుతో 'బోఁ' అను, దాదాపు వచ్చేసినట్టే. ఇబ్బందల్లా తెలుగు అలవాటుతోనే. బస్సు, బుక్కు అని ఏ మాటకైనా చివర ఓ అచ్చు తగిలిస్తాం, అక్కడేమో రాసిన అక్షరాన్నే చివర చాలాసార్లు పలకరు. అందుకే కొత్త మాటని ముందు విను, తర్వాత పలుకు, స్పెల్లింగ్ ఆఖర్న చూడు.

ఇంకోటి, వస్తువులకి ఆడా మగా. తెలుగులోనూ ఒడియాలోనూ ఆ గొడవ లేదు, హిందీలో ఉంది గానీ దాన్ని నమ్ముకుంటే మునుగుతావు. పుస్తకాన్నే తీసుకో, హిందీ కితాబ్ స్త్రీలింగమైతే ఫ్రెంచి లివ్ర్ పుంలింగం. కాబట్టి నోట్సులో ఒట్టి 'లివ్ర్' అని రాసుకోకు, 'అఁ లివ్ర్' అనే రాసుకో, బల్లని 'యూన్ తాబ్ల్' అనే రాసుకో, 'అఁ' ఉంటే మగ, 'యూన్' ఉంటే ఆడ. అంకెలు మరీ చిత్రం. 70 అంటే అరవై పది, 80 అంటే నాలుగిరవైలు, 97 అంటే నాలుగిరవైల పదిహేడు. ఫ్రాన్స్‌లో ఫోన్ నంబరు రెండేసి అంకెలు కలిపి చెబుతారు, లిజనింగ్ పరీక్షలో పిల్లలు దొరికిపోయేది అక్కడే. బయల్దేరేలోపు రోడ్డు మీద కనిపించే మీ ఊరి ఓడీ 20 బళ్ల నంబర్లన్నీ ఫ్రెంచిలో చదువుతూ ఉండు, జనం నవ్వినా సరే.

కాలేజీ పేపరుతో ఆగిపోకుండా డెల్ఫ్ ఎ1 రాసెయ్, ఫ్రెంచి వచ్చని సర్టిఫికెట్ ఇచ్చే పరీక్షలో మొదటి మెట్టు అది. హైదరాబాద్‌లో ఫ్రెంచి నేర్పే అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లోనే రాయొచ్చు. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం ఒక్కోదానికి 25, మొత్తమ్మీద 50 వస్తే పాస్. అయితే ఏ ఒక్కదాంట్లో 5 కంటే తగ్గినా పరీక్ష పోయినట్టే. ఒకసారి పాసైతే ఆ సర్టిఫికెట్‌కి గడువంటూ ఉండదు.

ఇక సినిమా సంగతి. నేను కెమెరా పట్టినదాన్ని కాదు గానీ మా కాలేజీ పిల్లలకి షూటింగ్ ఇల్లు మాదే, ఎవరు పని నేర్చుకున్నారో ఎవరు ఊరికే తిరిగారో దగ్గర్నుంచి చూశాను. మొదటి ఏడాది అందరూ డైరెక్టర్లే, మైకు పట్టుకునేవాళ్లే దొరకరు. నువ్వు ఆ మైకు పట్టుకో. ప్రతి గ్రూపూ నిన్నే పిలుస్తుంది, అందరి సెట్టూ చూస్తావు, ఎవరి దగ్గర ఏం తప్పు జరుగుతోందో నీ చెవికే ముందు తెలుస్తుంది. ఒక బ్యాచ్ వచ్చి మైకులో గుయ్యిమని హమ్ వస్తోందని ఫ్రిజ్ ఆపేసి, షూటింగయ్యాక అలాగే వెళ్లిపోయారు, పాలూ కూరలూ అన్నీ పారబోశాను. తర్వాత ఇంకో బ్యాచ్‌లో ఒకమ్మాయి ఫ్రిజ్ ఆపగానే తన స్కూటీ తాళంచెవి తీసి అందులో పెట్టింది. తాళంచెవి కోసం ఎలాగూ తలుపు తీయాలి, ఫ్రిజ్ వేయాలని అప్పుడు గుర్తొస్తుంది. షాట్లయ్యాక అందర్నీ కదలకుండా నిలబెట్టి అరనిమిషం ఉత్త గది చప్పుడు రికార్డు చేసుకుంది, ఎడిటింగ్‌లో డైలాగుల మధ్య ఖాళీలు పూడ్చడానికట. అలాంటివాళ్లకి ఇల్లు మళ్లీ ఇవ్వబుద్ధవుతుంది.

ఆ పిల్లే చెప్పింది, ట్యూబ్‌లైట్ల కింద తీస్తే సెకనుకి 25 ఫ్రేములు, షటర్, అంటే ఒక్కో ఫ్రేముకి కెమెరా వెలుతురు తీసుకునే సమయం, సెకనులో 1/50 వంతు పెట్టుకోవాలని. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైటు దానికి తగ్గట్టు మినుకుతుంది, షటర్ లెక్క కుదరకపోతే బొమ్మ మీద చారలు పాకుతాయి. కెమెరా మెమరీ కార్డులోది రెండు చోట్ల కాపీ అయ్యేదాకా ఎవర్నీ ఫార్మాట్ చెయ్యనివ్వకు, డైరెక్టర్ అరిచినా సరే.

1895 డిసెంబర్ 28న పారిస్‌లో లూమియేర్ అన్నదమ్ములు టికెట్ పెట్టి చూపించిన సినిమాలు ఒక్కోటీ నిమిషం లోపే. మరుసటి జులై 7న బొంబాయి వాట్సన్ హోటల్లోనూ అలాంటివే వేశారు. కెమెరా ఉన్నచోటే ఉంటుంది, కట్ ఉండదు. నువ్వూ వచ్చే వారం మా బరంపురం రా, గోపాల్‌పూర్ తీసుకెళ్తాను. మన తెలుగు నోలియాల, అదే జాలర్ల, పడవలు ఒడ్డుకొచ్చే వేళ ఫోన్ కదపకుండా 50 సెకన్లు తియ్. జూమూ పాటా వద్దు. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు మొదలెట్టాలి, అంతే నీ చేతిలో ఉండేది. ఆ రెండూ తేల్చుకోవడానికే పొద్దంతా పడుతుంది, చూడు.

కాలేజీలో మొదటి వారమే సిలబస్ కాగితం తెచ్చుకుని ఏ పేపర్లో ఇంటర్నల్‌కి ఎంతో చూసుకో. ఫిల్మ్ పిల్లలు దెబ్బతినేది అటెండెన్స్‌లో, 75 శాతం రూలు ఉంటుంది, షూటింగ్‌కని పోయేది మాత్రం ఎప్పుడూ ఫ్రెంచి క్లాసే. క్లాసు ఎగ్గొట్టే ముందు మేడమ్‌కి చెప్పు. ముందు చెప్పినవాళ్లకి నోట్స్ నేనే ఇచ్చేదాన్ని, తర్వాత మెడికల్ సర్టిఫికెట్ తెచ్చినవాళ్లని ఒక్కనాడూ నమ్మలేదు.

నీ యాసకి అక్కడ కొందరు నవ్వుతారు, దానికి టెన్షన్ పడి మాట తగ్గించుకోకు, తప్పో ఒప్పో క్లాసులో మొదట చెయ్యెత్తేది నువ్వే కావాలి. దసరాకి ఇంటికి రావాలంటే పలాసకి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ 60 రోజుల ముందు తెరుస్తారు, ఆ పొద్దున్నే చేసెయ్, మీ నాన్న చేస్తాడులే అని కూర్చోకు.

మీ పెద్దమ్మ
బరంపురం